49కీ 62కీ మధ్య

నా ఒంటి బరువు 56 కిలోలు. నేనాడేది జుజిట్సు, ఎదుటివాళ్ళని పడగొట్టి పట్లతో లొంగదీసే ఆట. అందులో నన్ను అందరికంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టిన ప్రత్యర్థి ఆ అంకే.

ఒలింపిక్స్‌లో మా ఆట లేదు. ఒలింపిక్స్‌లో లేని ఆటలకి వరల్డ్ గేమ్స్ ఉన్నాయి గానీ నాలుగేళ్ళకోసారి, చోటు కొద్దిమందికే. అందుకే 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో మొదటిసారి జుజిట్సును చేర్చారని తెలిసినప్పుడు ఎగిరి గంతేశా. తర్వాత బరువుల పట్టిక చూశా. మగవాళ్ళకి ఆరు విభాగాలు. ఆడవాళ్ళకి రెండే: 49 కిలోల లోపు, 62 కిలోల లోపు.

కోచ్ సార్ ఆ కాగితం నా ముందు పెట్టి, "తగ్గుతావా, పెరుగుతావా?" అన్నారు.

తగ్గుదామనుకున్నా. నోరు కట్టుకుని, చెమట సూట్‌లో పరిగెత్తి, 52 దాకా లాక్కొచ్చా. అక్కడితో బండి ఆగిపోయింది. నెలసరికి ముందు ఒంట్లో నీరు చేరి, ఏం చేసినా కిలోన్నర ఎక్కువే చూపించేది. ఆ మాట సార్‌కి చెప్పడానికి నాకు మూడు నెలలు పట్టింది. చెప్తే ఆయన కాసేపు ఏమీ అనలేదు. "ముందే చెప్పొచ్చుగా అమ్మా, ప్రాక్టీస్ షెడ్యూల్ మార్చేవాణ్ణి" అన్నారు. ఈలోపు బలం పోయింది. కింద పడుకుని గార్డ్‌లో కాళ్ళతో బిగించి పట్టుకోవాల్సిన చోట తొడలు వణికేవి.

సరే, 62లో దిగుదాం అనుకున్నా. పడగొడితే 2 పాయింట్లు, గార్డ్ దాటితే 3, మౌంట్‌కి 4. ఇవన్నీ నాకు నోటికొచ్చు. కానీ నాకంటే ఆరు కిలోలు ఎక్కువున్న అమ్మాయి మౌంట్‌లోకి వచ్చి ఛాతీ మీద కూర్చున్నాక, పాయింట్ల సంగతి దేవుడెరుగు, ముందు ఊపిరి అందాలి. సెలక్షన్లలో రెండో బౌట్‌కే ఇంటిదారి పట్టా.

ఆ పోటీలు ఫోన్లో చూశా. 49లో కంబోడియా అమ్మాయి జెస్సా ఖాన్, 62లో దక్షిణ కొరియా అమ్మాయి సంగ్ కిరా స్వర్ణాలు గెలిచారు. 49లో కాంస్యం తెచ్చుకున్న ఫిలిప్పీన్స్ అమ్మాయి మెగ్గీ ఓచోవా మీదే నా కళ్ళన్నీ. ఎందుకో ఈమె ఇక్కడితో ఆగదు అనిపించింది.

మిగతా అంతర్జాతీయ టోర్నీల్లో నా బరువుకి దగ్గర విభాగాలు ఉండేవి. వాటిలో ఆడా. పతకాలు రెండు, వాచిపోయి ఉంగరం పట్టని వేళ్ళు పది, ఇదీ నా సంపాదన.

హాంగ్‌జౌ ఆసియా క్రీడలు 2022వే అయినా 2023లో జరిగాయి. ఈసారి ఆడవాళ్ళకీ మగవాళ్ళతో సమానంగా నాలుగు విభాగాలు: 48, 52, 57, 63.

57! నా కోసమే కుట్టించిన చొక్కాలాంటి అంకె. అప్పటికి నా మోకాలి లిగమెంట్ తెగి, ఆపరేషన్ అయి, కాలు దిండు మీద పెట్టుకుని ఉన్నా. 57లో స్వర్ణం ఫిలిప్పీన్స్ అమ్మాయి ఆనీ రమిరెజ్‌కి వచ్చింది. 48లో ఓచోవా గెలిచింది. ఐదేళ్ళు ఓపిక పట్టి కాంస్యాన్ని బంగారం చేసుకుంది. ఆమె గెలిచినప్పుడు గట్టిగా అరిచా. 57 ఫైనల్ మాత్రం సౌండ్ తీసేసి చూశా.

మంచం దిగి నడవడం మొదలుపెట్టాక ఓ రోజు తూకం ఎక్కా. కూర్చుని తిన్న తిండికి సరిగ్గా 62. ఫోటో తీసి సార్‌కి పంపా.

"ఇప్పుడా?" అని ఒక్క మాట రాశారు.