మంచు కొండకి ఎన్ని మార్కులు?

డెన్వర్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి డిసెంబర్‌లో, లంచ్ టేబుల్ దగ్గర స్కీ రిసార్టుల (మంచు కొండల మీద స్కీలతో జారే చోట్ల) మాటలు నాకు ఒక్క ముక్క అర్థమయ్యేవి కాదు. "వేల్‌లో స్కీయింగ్‌కి 5,317 ఎకరాలు" అని ఒకతను. "బ్రెకెన్‌రిడ్జ్‌లో లిఫ్ట్ 12,840 అడుగుల దాకా ఎక్కిస్తుంది" అని ఇంకొకతను. మా మేనేజర్ మాత్రం యూటాలో ఉన్న ఆల్టా పేరు తప్ప ఇంకోటి ఎత్తడు. ఏడాదికి 500 అంగుళాలకి పైగా మంచు, పైగా స్నోబోర్డు (రెండు కాళ్లకీ కలిపి ఒకే పలక) వాళ్లని రానివ్వరు. అదీ ఆయన గొప్ప.

మా నాన్నది మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద వ్యవసాయం. ఫోన్‌లో ఆ ఎకరాల సంగతి చెబితే, "గన్ని ఎకరాలల్ల ఏమేస్తర్రా, వరేనా?" అన్నాడు.

నాకైతే మన ఇంటర్ కాలేజీల టీవీ ప్రకటనలు గుర్తొచ్చాయి. ఒకటి, ఒకటి, రెండు, రెండు అని ఊపిరాడకుండా ర్యాంకులు చదువుతారే, అలాగే ప్రతి కొండా తను ఫస్టు వచ్చిన సబ్జెక్టు ఒక్కటే చెబుతుంది. విస్తీర్ణం ఉన్నది ఎకరాలు చెబుతుంది. ఎత్తున్నది పై నుంచి కిందకి ఎన్ని అడుగులు దిగొచ్చో చెబుతుంది. రెండూ లేనిది మంచు లెక్క చెబుతుంది. ఆ మంచు కొలిచేది కూడా వాళ్లే. డార్ట్‌మత్ కాలేజీ ఆర్థికవేత్తలు ఇద్దరు ఈ లెక్కల్ని ప్రభుత్వ వాతావరణ లెక్కలతో పోల్చి చూశారు. రిసార్టుల లెక్కలో శని, ఆదివారాల్లో మంచు దాదాపు 23 శాతం ఎక్కువ పడుతోంది. ప్రభుత్వ లెక్కలో ఆ తేడా లేదు. జనం ఫోన్‌లలో అక్కడికక్కడే నిజం చెప్పుకోవడం మొదలుపెట్టాక కోతలు తగ్గాయట.

నన్ను ముంచింది మాత్రం మంచు లెక్క కాదు, ఏ వాలు ఎంత కష్టమో చెప్పే రంగులు. గ్రీన్ వృత్తం తేలిక, బ్లూ చతురస్రం మధ్యస్థం, బ్లాక్ డైమండ్ కష్టం. పదో తరగతి పరీక్షలాగా అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఉంటుందనుకున్నాను. కాదు. ఏ కొండ రంగులు ఆ కొండవే. అక్కడున్న వాలుల్లో తేలికైనవాటికి గ్రీన్ ఇస్తారు, ఇంకో కొండ గ్రీన్ కంటే నిటారుగా ఉన్నా సరే. ఒక చిన్న కొండ మీద రెండు గ్రీన్‌లు దిగిన ధైర్యంతో ఇంకో పెద్ద రిసార్టుకి వెళ్లాను (పేరు అనవసరం). అక్కడి గ్రీన్ ఒక పక్క లోయ ఉన్న సన్నటి దారి. సగంలో స్కీలు విప్పి చంకన పెట్టుకుని, కూర్చుని జారుతూ దిగాను. సోమవారం స్టాండప్ మీటింగ్‌లో విని మేనేజర్ ఒకటే నవ్వు. "అది గ్రీన్ కాదు, గ్రీన్ రంగేసిన బ్లూ" అన్నాడు. ముందే చెప్పొచ్చుగా, మహానుభావా!

తర్వాతి ఏడాది మూడు తెలుగు కుటుంబాలం కలిసి వెళ్దామనుకున్నాం. విజిటర్ వీసా మీద వచ్చిన మా అత్తయ్య కూడా మాతోనే. ఆఫీసులో చేసే పనే కదా అని, ఏ రిసార్టో తేల్చే ఎక్సెల్ నాకు అంటగట్టారు. ఎకరాల కాలమ్, ఎత్తు కాలమ్ తీసేశాను. అద్దె బూట్లతో పార్కింగ్ నుంచి లిఫ్ట్ దాకా ఎన్ని అడుగులు నడవాలి? బాత్రూమ్‌కి మెట్లు దిగాలా? ఇంటి నుంచి తెచ్చిన పులిహోర డబ్బా విప్పుకోవడానికి రిసార్టు విశ్రాంతి హాల్లో చోటుందా? ఆదివారం సాయంత్రం ఐ-70 హైవే మీద ట్రాఫిక్‌లో ఎంతసేపు ఇరుక్కుంటాం? ఇవీ నా కాలమ్‌లు. చివరికి లవ్‌ల్యాండ్ నెగ్గింది. డెన్వర్ నుంచి వెళ్తే ఆ హైవే మీది ఐసెన్‌హోవర్ సొరంగానికి ఇవతలే ఉంటుంది, కొత్తగా నేర్చుకునేవాళ్లకి వేరే చోటు ఉంది. నేను మర్చిపోయిన కాలమ్ ఒకటే, పలచటి గాలి. అక్కడ కింది మట్టమే 10,000 అడుగుల పైన. అత్తయ్యకి గంటలోపే తలనొప్పి. ఇప్పుడు అది మొదటి కాలమ్.

మొన్న జనవరిలో మా మేనేజర్ ఆ ఎక్సెల్ పంపమన్నాడు. ఒహాయో నుంచి వాళ్ల మామగారు వస్తున్నారట, మోకాళ్ల నొప్పులు. "ఆ మెట్ల కాలమ్ ఉంటే చాలు" అన్నాడు.