కెప్టెన్ డయెట్ శిష్యులు

ఈ మధ్య మా వంటగదిలో అమెరికా నల్లజాతివారి జాజ్ సంగీతం మోగుతోంది. ఒకసారి జానీ గ్రిఫిన్ శాక్సఫోన్, ఒకసారి జీన్ ఆమన్స్ శాక్సఫోన్, ఇంకోసారి డైనా వాషింగ్టన్ పాట. ముగ్గురికీ బడిలో సంగీతం చెప్పింది ఒకే మాస్టారని తెలిశాక పని పక్కన పెట్టి కూర్చున్నాను.

వాల్టర్ డయెట్. షికాగో దక్షిణ భాగంలో నల్లజాతి పిల్లలు చదివే డుసేబుల్ హైస్కూలు 1935లో తెరిచినప్పటి నుంచి 1962 దాకా అక్కడి బ్యాండు ఆయనదే. అందరికీ ఆయన ‘కెప్టెన్’. సైనిక బ్యాండు నడిపిన మనిషి, క్రమశిక్షణా అలాంటిదే. గ్రిఫిన్‌కు టెనర్ శాక్సఫోన్ మీద మనసు. డయెట్ మాత్రం ముందు క్లారినెట్ పట్టించారు. సరళీ స్వరాలు దాటకుండానే కీర్తన అడిగే పిల్లలకు మన సంగీతం మాస్టార్లు చెప్పే జవాబే కదా ఇది! ఆ కుర్రవాడు 1945లో బడి ముగుస్తూనే పేరున్న జాజ్ కళాకారుడు లయొనెల్ హాంప్టన్ బృందంలో చేరాడు.

ఏటా పిల్లలతో ‘హై-జింక్స్’ అనే ప్రదర్శన వేయించి, ఆ డబ్బుతో బ్యాండు అవసరాలు తీర్చేవారు. సర్కారు బడి మాస్టారికి ఈ తిప్పలు ఎక్కడైనా తప్పవేమో.

డయెట్ 1969లో పోయారు. ఆయన పేరున్న హైస్కూలు మూతపడితే, దాన్ని మళ్లీ తెరవాలని 2015లో స్థానికులు 34 రోజులు నిరాహారదీక్ష చేశారు. మరుసటి ఏడాది అది కళల బడిగా మళ్లీ తెరుచుకుంది.