ఒక కనుమ, ఒక గండి

మా బావకు మోకాళ్ల నొప్పులు. ఆయన కొడుక్కేమో నడుముకు తాడు కట్టుకుని బండలెక్కే పిచ్చి. ఇద్దరినీ కలిపి ఎక్కడికైనా తీసుకుపోవాలంటే కొండల వరసను దాటించే కనుమను మించిన చోటు లేదని నా నమ్మకం.

ఈ నమ్మకం నాకు హిమాచల్‌లో కుదిరింది. అక్కడ హంప్తా అనే కనుమ ఉంది, దాదాపు 4,270 మీటర్ల ఎత్తు. తాడు పట్టుకునే అవసరం లేకుండా, ఓపికగా నడిచే దాటాను. ఎక్కిన వైపు కులూ లోయ, అంతా గడ్డి, చెట్లు. పైన నిలబడి అవతలికి చూస్తే లాహౌల్, ఎటు చూసినా బోడి రాయి. శిఖరం ఎక్కినవాడు మళ్లీ ఎక్కిన వైపే దిగడం మామూలు. కనుమ ఎక్కితే అవతల ఇంకో ఊరుంటుంది, ఇంకో మాటతీరు, ఇంకో రకం కూర. ఎక్కేది కూడా రెండు కొండల మధ్య అన్నిటికంటే తగ్గు చోటే కాబట్టి కొండతో పోటీ పడుతున్నామన్న టెన్షన్ ఉండదు. కబుర్లు చెప్పుకుంటూ పోవచ్చు.

కడపలో పుట్టినవాణ్ణి, మా ఊరికి దక్షిణాన గోడలా నిలబడిన పాలకొండలను ఇలా నడిచి దాటాలని మాత్రం అప్పటిదాకా తోచలేదు. సంక్రాంతి అయిన వారానికి ముగ్గురం బయలుదేరాం. గువ్వలచెరువు కనుమలో దాటి రాయచోటికి పోవడం, మర్నాడు చక్రాయపేట మీదుగా గండికి వచ్చి, అక్కడి నుంచి వేంపల్లె మీదుగా ఇల్లు చేరడం మా ప్లాను. అంటే ఒకే కొండల వరసను పోయేటప్పుడు ఎక్కి, వచ్చేటప్పుడు ఎక్కకుండా దాటడం.

తెల్లవారుజామున రాయచోటి బస్సెక్కి ఘాట్ మొదట్లో దిగాం. మమ్మల్ని దించుతూ కండక్టరు, "ఈడ దిగి ఏం జేస్తారు సార్, ఊరు పైన గదా!" అన్నాడు. నడుస్తామంటే నమ్మలేదు.

ఇది 40వ నంబరు జాతీయ రహదారి. కర్నూలు నుంచి కడప మీదుగా రాయచోటి, చిత్తూరు వైపు పోయే లారీలన్నీ ఈ కనుమనే ఎక్కాలి. రెండో మలుపులో పైనుంచి ఒక బస్సు ఇంకో బండిని దాటుకుంటూ మా మీదికి వచ్చినంత పని చేసింది. ముగ్గురం పిట్టగోడకు అతుక్కుపోయాం, బావ చేతిలోని కర్ర లోయలో పడింది. అప్పటి నుంచి కుడి పక్కన, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా, ఒకరి వెనక ఒకరం నడిచాం. ఎవరైనా ఇక్కడ నడవాలనుకుంటే పొద్దు పొడవగానే మొదలుపెట్టండి, పిల్లల్ని మాత్రం తేవద్దు.

రోడ్డు దిగి అడవిలోకి పోవడానికి లేదు, అది రిజర్వు అడవి. అందుకు కారణమూ రోడ్డు పక్కనే కనిపిస్తుంది. మొసలి చర్మంలా పగిలిన నల్లటి బెరడు, కొమ్మకు మూడేసి గుండ్రటి ఆకులు: ఎర్రచందనం. ప్రపంచంలో ఈ చెట్టు తనంతట తాను పెరిగేది మన శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, వీటి చుట్టుపక్కల కొండల్లోనే. దొంగల గొడ్డలికి భయపడి కాపలా కాయాల్సిన చెట్టు ఇంత మామూలుగా, దుమ్ము పట్టి నిలబడి ఉండటం చూస్తే నాకు మనసు అదోలా అయింది. బావ దాని బెరడు మీద చెయ్యి వేసి కాసేపు ఊరికే నిలబడ్డాడు.

మేనల్లుడి కళ్లు మాత్రం రోడ్డు కోసిన రాతి గోడల మీదే. పొరలు పొరలుగా, పుస్తకాలు పేర్చినట్టుంది. భూగర్భ శాస్త్రంలో ఈ పొరకు 'గుల్చెరు క్వార్ట్‌జైట్' (క్వార్ట్‌జైట్ అంటే ఇసుకరాయి బాగా గట్టిపడి అయిన రాయి) అని పేరు, మన గువ్వలచెరువే ఆ గుల్చెరు. కడప రాళ్ల దొంతరలో అన్నిటికంటే అడుగున ఉండే పొరల్లో ఇదొకటి. వయసు కనీసం 190 కోట్ల ఏళ్లు. దీని కింద అంతకన్నా ముసలిదైన గ్రానైటు ఉంది. కనుమ దాటి రాయచోటి వైపు పోయేకొద్దీ ఆ గ్రానైటే పైకి తేలుతుంది: గుండ్రటి గుండ్లు, ఒకదాని మీద ఒకటి. హంప్తాలో పచ్చదనానికీ రాతికీ మధ్య నిలబడ్డాను. ఇక్కడ రాతికీ రాతికీ మధ్య నిలబడ్డాను. కడప నుంచి గంటలోపు ప్రయాణంలో ఇంత ఉందని తెలిసి ఆ రోజంతా గర్వంగా తిరిగాను.

పైకి చేరేసరికి రెండున్నర గంటలు పట్టింది. ఊళ్లోకి అడుగుపెట్టకముందే కోవా వాసన. గువ్వలచెరువు పాలకోవా తెలియనివాళ్లు మా జిల్లాలో ఉండరు. పెద్ద బాణలిలో పాలు కాగుతూ ఉంటే ఒకాయన గరిటె ఆపకుండా తిప్పుతున్నాడు. ఆపితే అడుగంటుతుందట. వేడివేడిది ఆకులో పెట్టిచ్చాడు. పాలకొండల మీద పాలకోవా అని బావ ఒకటే సంబరపడ్డాడు.

"యాణ్ణించి వస్తాండారు?" అని అడిగాడు కోవా ఆయన.

"కింద నుంచి నడిచి వచ్చినామన్నా."

"మొక్కుబడా?"

కాదంటే అర్థం కాదేమోనని బావ "అట్లాంటిదే" అన్నాడు.

రాయచోటిలో రాత్రి పడుకుని, వీరభద్రస్వామి దర్శనం చేసుకుని, మర్నాడు మధ్యాహ్నానికి గండి చేరాం. ఇక్కడ కొండను దాటే దారిని మనుషులు వెయ్యలేదు. కర్ణాటకలోని నంది కొండల వైపు నుంచి వచ్చే పాపఘ్ని ఏరు పాలకొండలను నిలువునా కోసుకుని పెన్న వైపు పోయింది. ఏరు కొండను కోసిన చోటే గండి. పెన్న ఎర్రమలను కోసిన చోట కట్టిన కోట గండికోట అయింది.

ఏటి ఒడ్డున వీరాంజనేయస్వామి గుడి. రాముడు బాణం మొనతో రాతి మీద ఆంజనేయుణ్ణి గీశాడని, చిటికెన వేలు మాత్రం గీయలేదని స్థలపురాణం. రాముడికి స్వాగతంగా వాయుదేవుడు ఈ కొండ నుంచి ఆ కొండకు బంగారు తోరణం కట్టాడట. అది అందరికీ కనిపించదు, చావు దగ్గరపడ్డ పుణ్యాత్ములకే కనిపిస్తుందట. బ్రిటిషు కాలంలో మద్రాసు గవర్నరుగా చేసిన మన్రో దొరకు కనిపించిందని చెప్పుకుంటారు. ఆయన 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. బావ రెండు కొండల మధ్య ఆకాశాన్ని చాలాసేపు చూశాడు. నేనూ చూశాను. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి కొండ మొత్తం దాటి వచ్చి తల పైకెత్తి అలా నిలబడితే నాకు కళ్లు చెమర్చాయి.

జనవరి కదా, ఏట్లో నీళ్లు పాయలుగా ఉన్నాయి. మేనల్లుడు చెప్పులు విప్పి ఇసుకలోకి దిగాడు. కాసేపటికి "మామా, ఇటు రా" అని పిలిచాడు. ఒక చేతిలో గులాబీ మచ్చల గ్రానైటు ముక్క, ఇంకో చేతిలో తెల్లటి క్వార్ట్‌జైటు రాయి, రెండూ నీళ్లలో అరిగి నున్నగా అయ్యాయి. అవతలి రాయి ఏటితో పాటు ఇవతలికి వచ్చేసింది. వాటిని మళ్లీ ఇసుకలోనే పెట్టేసి, వేంపల్లె బస్సు కోసం రోడ్డెక్కాం. దారి పొడవునా ఇద్దరూ నల్లమలలోని నందికనుమకు ఎప్పుడు పోదామని నన్ను అడుగుతూనే ఉన్నారు.