పని ప్రమాదాల మీద పీహెచ్‌డీ: లవం ఒక శాఖలో, హారం మరో శాఖలో

కష్టమో, ఆరోగ్యానికి ముప్పో ఎక్కువున్న పనికి జీతం కూడా కొంత ఎక్కువుంటుందని ఆడమ్ స్మిత్ 1776లోనే రాశాడు. ఆ ‘కొంత’ ఎంతో కొలిచే పద్ధతి 1970ల నుంచి గట్టిపడింది. కార్మిక అర్థశాస్త్రంలో పని భద్రత మీద పరిశోధన చేద్దామనుకున్నవాళ్ళందరూ ఇక్కడే మొదలుపెడతారు, నేనూ అక్కడే మొదలుపెట్టాను. సిద్ధాంతం త్వరగానే పట్టుబడుతుంది. ఏళ్ళు మింగేది ఒకే ఒక్క భిన్నం: ఎంతమందికి దెబ్బ తగిలింది, ఎన్ని గంటల పనికి తగిలింది. లవం ఒక శాఖ దగ్గర ఉంటుంది, హారం మరో శాఖ దగ్గర. హైదరాబాద్‌లో కూర్చుని ఈ రెంటినీ ఎలా కలపాలో రాస్తున్నాను.

ప్రవేశం గురించి రెండు ముక్కలు చాలు. యూజీసీ నెట్ పరీక్షలో ఎకనామిక్స్ స్కోరుతో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఉస్మానియా లాంటి చోట్ల ప్రయత్నించవచ్చు. బేగంపేటలోని సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్) లైబ్రరీ ఈ రంగానికి చాలా పనికొస్తుంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కోర్సువర్క్ కనీసం 12 క్రెడిట్లు, పీహెచ్‌డీకి కనీస కాలం మూడేళ్ళు. గైడ్‌ని ఎంచుకునేటప్పుడు పేరుకన్నా ఒక్క విషయం చూడండి: యూనిట్ లెవెల్ డేటాతో (మొత్తాలు కాకుండా ఒక్కో ఫ్యాక్టరీ, ఒక్కో మనిషి వివరాలున్న డేటా) ఆయన గానీ ఆవిడ గానీ స్వయంగా పనిచేశారా అని. ఎపిడెమియాలజీ (జనంలో జబ్బులు, గాయాలు వచ్చే తీరు చదివే శాస్త్రం) పేపరు ఒకటి దొరికితే అది కూడా చదవండి. ఎక్స్‌పోజర్, అంటే ఎవరు ఎంతసేపు ప్రమాదానికి ఎదురుగా ఉన్నారు అన్న భావన మనకంటే వాళ్ళే బాగా నేర్పుతారు.

ఇక లవం. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 1948, సెక్షన్ 88 ప్రకారం ప్రమాదం జరిగి కార్మికుడు 48 గంటలు లేదా అంతకు మించి పనిచేయలేకపోతే యాజమాన్యం ఫ్యాక్టరీల శాఖకు నోటీసు ఇవ్వాల్సి ఉండేది. మనకు దొరికే గాయాల సంఖ్య ఈ నోటీసుల మొత్తమే. అంటే అది జరిగిన గాయాల లెక్క కాదు, చెప్పిన గాయాల లెక్క. వేలు నలిగిన కుర్రాడికి గేటు పక్క క్లినిక్‌లో కట్టు కట్టించి, రెండు రోజుల కూలి చేతిలో పెట్టి రూముకి పంపిస్తే ఆ గాయం ఏ కాగితంలోనూ కనిపించదు. చావును అలా దాచడం కష్టం, పోలీసులూ పోస్ట్‌మార్టమూ వస్తాయి. అందుకే ప్రతి పరిశ్రమకూ ఏడాదివారీగా మరణాలకూ మామూలు గాయాలకూ నిష్పత్తి వేసి చూస్తాను. మరణాలు అలాగే ఉండి గాయాలు మాత్రం సగానికి పడిపోతే, అక్కడ భద్రత పెరిగిందని రాయకూడదు. నోటీసులు తగ్గాయని ముందు అనుమానించాలి. ప్రధాన ఫలితాలన్నీ మరణాల మీద కట్టి, గాయాల లెక్కను రెండో సాక్ష్యంగా వాడటమే ఈ దేశపు డేటాకు సరైన పద్ధతని నా గట్టి నమ్మకం.

తీవ్రత లెక్కకు, అంటే ప్రమాదాల వల్ల ఎన్ని పనిదినాలు పోయాయో చెప్పడానికి, ఐఎస్ 3786 అనే భారతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఒక మరణానికి 6,000 పనిదినాల నష్టం. చిన్న పరిశ్రమల్లో ఒక్క చావుతో ఆ ఏడాది తీవ్రత రేటు ఆకాశానికంటుతుంది కాబట్టి మూడేళ్ళ సగటు వాడాలి.

హారం కోసం యాన్యువల్ సర్వే ఆఫ్ ఇండస్ట్రీస్. యూనిట్ లెవెల్ డేటా గణాంక మంత్రిత్వ శాఖ దగ్గర ఉచితంగా దొరుకుతుంది. అందులో బ్లాక్ ఇ అనే భాగం తెరిస్తే కంపెనీ నేరుగా పెట్టుకున్న కార్మికులు, కాంట్రాక్టు కార్మికులు వేర్వేరుగా, వాళ్ళ పనిదినాలతో సహా ఉంటారు. తలల సంఖ్య కాకుండా పనిదినాలనే తీసుకోవాలి. వెయిట్లు (సర్వేలోని ఒక్కో ఫ్యాక్టరీ ఎన్ని ఫ్యాక్టరీలకు ప్రతినిధో చెప్పే అంకెలు) వేయడం మరవకూడదు. ఇక్కడే మొదటి చిక్కు వస్తుంది: ప్రమాదాల లెక్క జనవరి నుంచి డిసెంబరు వరకు, సర్వే లెక్క ఏప్రిల్ నుంచి మార్చి వరకు. 2018 క్యాలెండర్ సంవత్సరానికి హారం కావాలంటే 2017-18లో పావు వంతు, 2018-19లో ముప్పావు వంతు కలపాలి.

రెండో చిక్కు పరిశ్రమ కోడ్. జాతీయ పరిశ్రమల వర్గీకరణ ఎన్‌ఐసీ 2008లో 20 అంటే రసాయనాలు, 21 అంటే మందులు. జీడిమెట్ల, పాశమైలారం, బొల్లారం వైపు బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్లను నోటీసులో ఒకరు రసాయనాల కింద, సర్వేలో మరొకరు మందుల కింద వేసే వీలుంది. 20, 21 కలిపి ఒక అంచనా, విడదీసి మరో అంచనా వేసి రెండూ చూపించాలి. మూడోది జిల్లాలు. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019లో 33. పటాన్‌చెరు పాత మెదక్ నుంచి సంగారెడ్డిలోకి, జీడిమెట్ల పాత రంగారెడ్డి నుంచి మేడ్చల్‌లోకి వెళ్ళాయి. పొడవాటి సిరీస్ కావాలంటే కొత్త జిల్లాలన్నిటినీ పాత పదిలోకి తిరిగి కలపడం తప్ప దారి లేదు.

కాంట్రాక్టు కార్మికుల విషయంలో లవం, హారం రెండూ కదులుతాయి. మనిషి ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, పేరు కాంట్రాక్టరు దగ్గర ఉంటుంది. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు, వాళ్ళలో చాలామంది వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు. ఎవరెవరు పోయారో తేల్చడానికి డీఎన్‌ఏ పరీక్షలు కావలసి వచ్చాయి. మరణాల పట్టికలో ఒక్కో అంకె వెనక ఎంత అనిశ్చితి ఉంటుందో పరిశోధకుడు అలాంటి రోజులను చూసి గ్రహించాలి.

ప్రచురించని లెక్కల కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, ఆపైన 90 రోజుల్లోగా కమిషన్‌కు రెండో అప్పీలు. అడిగే తీరులోనే సగం ఫలితం ఉంది. ‘గత పదేళ్ళ ప్రమాదాల వివరాలు’ అంటే సిబ్బంది తలలు పట్టుకుంటారు, సెక్షన్ 7(9) కింద వనరులు చాలవని తిప్పికొట్టవచ్చు. ఒక్కో దరఖాస్తులో ఒకటి రెండేళ్ళే అడగండి. పేర్లు వద్దనండి. తేదీ, ఎన్‌ఐసీ కోడ్, మరణమా గాయమా, పర్మనెంటా కాంట్రాక్టా, ప్రమాద కారణం అన్న కాలమ్‌లు చాలు. ‘మీ రిజిస్టరులో ఉన్న రూపంలోనే ఇవ్వండి’ అన్న వాక్యం తప్పక చేర్చండి. వాళ్ళకు పని తగ్గుతుంది, మనకు జవాబు వస్తుంది.

ఫీల్డు సర్వే లేకుండా ఈ డేటాకు ప్రాణం రాదు. ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోండి. సమ్మతి పత్రం తెలుగులో ఒక్కటే ఉంటే కుదరదు, హిందీ, ఒడియా ప్రతులు కావాలి. చదవలేనివాళ్ళకు సాక్షి ముందు చదివి వినిపించాలి. యాజమాన్యం ద్వారా కార్మికులను కలిస్తే మంచి మాటలే వినిపిస్తాయి. షిఫ్టు దిగాక వాళ్ళుండే గదుల దగ్గర, సెలవు రోజు పొద్దున కలవండి. కంపెనీ పేరు ప్రశ్నపత్రం మీద రాయకండి, కోడ్ వేసి దాని తాళంచెవి వేరే ఫైల్లో ఉంచండి. ఆ జాగ్రత్త లేకపోతే పోయేది ఆ మనిషి ఉద్యోగం.

‘ప్రమాదం జరిగిందా’ అని అడిగితే చాలామంది లేదంటారు. చెయ్యి, కన్ను, కాలు, నడుము అని ఒక్కో భాగం పేరు చెప్పి, దెబ్బ తగిలి ఎన్ని రోజులు పనికి పోలేదో అడగాలి. చిన్న గాయాలకు గత నెల, పని మానిపించిన పెద్ద గాయాలకు గత 12 నెలలు. ఏడాది కిందటి చిన్న గాయం ఎవరికీ గుర్తుండదు. ఖర్చు ఎవరు భరించారు, ఈఎస్ఐ కార్డు ఉందా, కూలి కోత పడిందా అన్న మూడు ప్రశ్నలు ఎట్టిపరిస్థితిలోనూ వదలొద్దు.

రిస్క్‌తో జీతం ఎంత మారుతుందో లెక్కించే రెగ్రెషన్ దగ్గర ఎక్కువమంది పడే గుంట ఒకటుంది. జీతం వ్యక్తిస్థాయిలో ఉంటుంది, పీఎల్‌ఎఫ్‌ఎస్ అనే కేంద్ర ప్రభుత్వ కార్మిక సర్వే నుంచి వస్తుంది. రిస్క్ మాత్రం పరిశ్రమ స్థాయిలోదే. వేలమంది వ్యక్తులున్నా రిస్క్‌కు నిజమైన పరిశీలనలు పరిశ్రమలన్నే. తయారీ రంగంలో రెండంకెల కోడ్‌లు 10 నుంచి 33 వరకు, అంటే 24. స్టాండర్డ్ ఎర్రర్లు (అంచనాలో అనిశ్చితి ఎంతో చెప్పే అంకెలు) పరిశ్రమవారీగా క్లస్టర్ చేయాలి, అంటే ఒక్కో పరిశ్రమను ఒక్కో గుంపుగా లెక్కించాలి; ఇంత తక్కువ క్లస్టర్లకు వైల్డ్ బూట్‌స్ట్రాప్ అనే గణాంక పద్ధతి వాడాలి. ఇది చేయగానే ఫలితం గణాంకపరంగా గట్టిదని పట్టికలో చూపే నక్షత్రాలు చాలా రాలిపోతాయి, రాలనివ్వండి. గుణకం రుణాత్మకంగా, అంటే రిస్క్ ఎక్కువున్నచోట జీతం తక్కువని వచ్చినా కంగారు పడొద్దు: వేరే పని దొరకనివాళ్ళే ప్రమాదకరమైన పనిలో చేరుతుంటే అలాగే వస్తుంది. అది దాచాల్సిన ఫలితం కాదు, అదే థీసిస్.

పరిహారం ఫైళ్ళు కూడా మంచి డేటా. 2025 నవంబరు దాకా ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద 30 ఏళ్ళ కార్మికుడు చనిపోతే నెల జీతంలో సగాన్ని, ఆ వయసుకు చట్టం ఇచ్చిన 207.98తో గుణించేవారు. 15,000 జీతానికి అది 15,59,850 రూపాయలు. అదే మనిషికి, పదివేలలో ఒక వంతు మరణ రిస్క్‌కు జీతం ఒక శాతం పెరుగుతుందనుకుంటే, ఏడాది జీతం 1,80,000 మీద 1,800. అలాంటి పదివేల మందిలో సగటున ఒకరు చనిపోతారు, వాళ్ళందరికీ కలిపి అదనపు జీతం 1.8 కోట్లు, అంటే జీతాల లెక్కలో ఒక ప్రాణం విలువ. ఇది లెక్క తీరు చూపడానికి తీసుకున్న ఉదాహరణే. అయినా రెండు అంకెల మధ్య దూరం చూడండి. ఫైళ్ళు వాడేటప్పుడు జీతం కాలమ్‌తో జాగ్రత్త. ఆ చట్టం కింద లెక్కకు తీసుకునే జీతానికి 2010 నుంచి 8,000, 2020 జనవరి నుంచి 15,000 పరిమితి ఉండేది. ఆ అంకెల దగ్గర గుంపుగా పడినవి అసలు జీతాలు కావు.

పేపరు పంపేటప్పుడు జేఈఎల్ (అర్థశాస్త్ర పేపర్లను అంశాలవారీగా విడదీసే) కోడ్‌లు జే28, జే17, జే81 వేయండి, సరైన రెఫరీ చేతికి వెళుతుంది.

ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ళు ఒక పని వెంటనే చేయాలి. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. కరెంటుతో నడిచే యూనిట్‌ను ఫ్యాక్టరీగా లెక్కించడానికి పాత చట్టంలో 10 మంది చాలు, కొత్త కోడ్‌లో 20 మంది ఉండాలి. బాలానగర్, కాటేదాన్‌లలో పదిపదిహేను మందితో నడిచే వర్క్‌షాపులు ఫ్యాక్టరీల లెక్క నుంచి జారిపోతే, ప్రమాదాలు తగ్గినట్టు పట్టికలో కనిపిస్తుంది. 2025 దాకా ఉన్న సిరీస్‌ను యూనిట్ సైజువారీగా ఇప్పుడే అడిగి తీసుకోండి. 20 మంది కన్నా తక్కువున్న యూనిట్లను విడిగా కూడి పెట్టుకుంటే, తర్వాతి ఏళ్ళను దేనితో పోల్చాలో తెలుస్తుంది.