నీ మార్కులకా, వాడి మార్కులకా?

తొమ్మిదో తరగతిలో ఒక శనివారం చివరి పీరియడు. మా లెక్కల మాస్టారు నల్లబల్ల మీద ఒక వాక్యం రాశారు: 'ఉపాధ్యాయుల జీతం పిల్లల మార్కులను బట్టి ఉండాలి.' అనుకూలంగా ఎవరు మాట్లాడతారు అని అడిగితే ముందు లేచింది నేనే.

బాగానే మాట్లాడాను. మంచి సరుకు ఉన్న అంగడికి గిరాకీ ఉంటుంది, నాసిరకం సరుకు పెట్టినవాడు మూసుకుపోతాడు, బడికి మాత్రం వేరే న్యాయం ఎందుకు అన్నాను. కష్టపడి చెప్పే టీచరుకీ, పాఠం దాటేసే టీచరుకీ ఒకే జీతం ఇస్తే కష్టపడేవాళ్ళకు ఒళ్ళు మండదా అన్నాను. క్లాసంతా చప్పట్లు కొట్టింది. మాస్టారు కూడా కొట్టారు.

తర్వాత ఆయన కుర్చీలోంచి లేచి, "ఒక్క సందేహం రా," అన్నారు. "నా క్లాసులో ఇద్దరు పిల్లలున్నారనుకో. ఒకడికి ఏడాది మొదట్లో 92, చివర్లో 95. ఇంకొకడికి మొదట్లో 12, చివర్లో 31. వాడు ఫెయిలే. మొదటివాడివి నువ్వే అనుకో. నాకు జీతం ఎవరి మార్కులకిస్తావు? నీ మార్కులకా, వాడి మార్కులకా?"

కాస్త ఆలోచించి, "వాడి మార్కులకేనండి, 19 పెరిగాయి కదా," అన్నాను.

"సరే. వాడికి భిన్నాలు కిందటేడు టీచరమ్మ గట్టిగా చెప్పింది, అవి ఈ ఏడాది తలకెక్కాయి. అప్పుడు ఆ 19లో ఆవిడ వాటా ఎంత? ఇంటి దగ్గర వాళ్ళక్క కూర్చోబెట్టి చెప్పిందనుకో, ఆ పిల్ల వాటా ఎంత? ఈ ఏడాది నేను చెప్పింది పదో తరగతిలో అర్థమైతే, ఆ జీతం నాకొస్తుందా, పదో తరగతి మాస్టారికి పోతుందా?"

నేను నోరు తెరిచేలోపే గంట కొట్టారు. "వచ్చే శనివారం నువ్వే దీనికి వ్యతిరేకంగా మాట్లాడాలి," అని ఆయన డస్టరు తీసుకుని వెళ్ళిపోయారు. వచ్చే శనివారానికి పరీక్షల టెన్షన్ మొదలైంది, ఆ పీరియడు రివిజన్‌కు పోయింది. ఆ రెండో ప్రసంగం నేను చేయనేలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఈ సంచికలో చేస్తున్నాను.

పెద్దయ్యాక గణాంకాలే నా వృత్తి అయ్యాయి. అప్పుడు తెలిసింది, మాస్టారు అడిగిన ప్రశ్న మీద దేశాలే తగువులాడుకున్నాయని. ఇంగ్లండులో 1862లోనే ఈ పద్ధతి తెచ్చారు. 'ఫలితాన్ని బట్టి చెల్లింపు' అన్నారు దాన్ని. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు బడికొచ్చి ఒక్కో పిల్లను నిలబెట్టి చదవడం, రాయడం, లెక్కలు పరీక్షించేవాడు. ఒక్కో దాంట్లో తప్పితే బడికి రావలసిన గ్రాంటులో 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. దీన్ని తెచ్చిన మంత్రి రాబర్ట్ లో (Robert Lowe) పార్లమెంటులో చెప్పిన మాట సారాంశం ఇది: ఈ పద్ధతి చవకగా లేకపోతే సమర్థంగా ఉంటుంది, సమర్థంగా లేకపోతే చవకగా ఉంటుంది. ఆ మాట చదివినప్పుడు నాకు చాలా బాధేసింది. ఒక తరం పిల్లల చదువును ఆ రెంటి మధ్య పెట్టి తూచారు కదా అనిపించింది. బడుల్లో ఏం జరిగిందో ఊహించవచ్చు. పిల్లలు వాచకాన్ని కంఠతా పట్టారు. పరీక్షలో లేని పాఠాలు వెనక్కిపోయాయి. కవి మాథ్యూ ఆర్నాల్డ్ అప్పుడు స్వయంగా స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు. తాను పనిచేస్తున్న శాఖ పద్ధతినే ఆయన బాహాటంగా విమర్శించాడు. అయినా అది 30 ఏళ్ళకు పైగా సాగింది.

ఇది పాత కథే కావచ్చు. కానీ 2011లో అమెరికాలోని అట్లాంటా నగరంలో ప్రభుత్వ దర్యాప్తు ఏం బయటపెట్టిందో చూడండి. మార్కులు పెంచాలన్న ఒత్తిడి కింద 44 బడుల్లో 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్ళు పిల్లల జవాబులు దిద్దడం లాంటి తప్పుల్లో పాలుపంచుకున్నారు. వాళ్ళను నేను వెనకేసుకురాను. జవాబు దిద్దిన ప్రతిసారీ, ఆ పిల్లకు ఏం రాలేదో తెలుసుకునే అవకాశం పోయింది.

'అలాగైతే మార్కులు కాదు, పెరుగుదల కొలుద్దాం' అన్నారు తర్వాత, సరిగ్గా నేను తొమ్మిదో తరగతిలో అన్నట్టే. పిల్లల పాత మార్కులు, ఇంటి పరిస్థితులు అన్నీ లెక్కలో వేసి, టీచరు కలిపిన విలువ ఎంతో తేల్చే సూత్రాలు వచ్చాయి. నేనూ కొన్నాళ్ళు అలాంటి పట్టికల మీద పనిచేశాను. ఒక ఏడాది పట్టికలో పైనున్న పేరు మరుసటేడు అడుగుకు జారడం నా కళ్ళతో చూశాను. ఆ మనిషి ఒక్క వేసవిలో పాఠం చెప్పడం మరిచిపోయి ఉంటాడా? 2014లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ అనే గణాంక నిపుణుల సంఘం దీని మీద ఒక ప్రకటన చేసింది. పిల్లల స్కోర్లలో కనిపించే తేడాల్లో టీచర్ల వల్ల వచ్చేది 1 నుంచి 14 శాతమేనని చాలా అధ్యయనాల్లో తేలిందట. టీచరు ముఖ్యం కాదని దీనర్థం కాదు, ఆ మాట అసోసియేషనే అక్కడే చెప్పింది. ఒక్క స్కోరు చూసి ఒక్క మనిషికి తీర్పు చెప్పలేమని అర్థం.

బడుల మధ్య కూడా అంగళ్ళలా పోటీ ఉండాలనే మార్కెట్ పక్షం వాళ్ళ మాటలో నిజం లేదని నేను అనను. ఐదో తరగతికొచ్చినా బిడ్డకు చదవడం రాకపోతే, అడిగినా జవాబు చెప్పేవాళ్ళు లేకపోతే, ఆ తల్లికి ఇంకో బడికి వెళ్ళే దారి ఉండాలి. 1955లో అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ చెప్పింది దాదాపు ఇదే: ఖర్చు ప్రభుత్వం భరించనీ, బడిని ప్రభుత్వమే నడపనక్కర్లేదు, డబ్బు పిల్లవాడి వెంట వెళ్ళనీ. చిలీ 1981లో ఈ దారి పట్టింది, స్వీడన్ 1992లో.

చిక్కు ఎక్కడంటే, అంగడికి సరుకు వేరు, కొనేవాడు వేరు. బడిలో అలా కాదు. పక్కన కూర్చునే పిల్లలు కూడా ఆ చదువులో భాగమే. అందుకే పోటీ పెరిగినప్పుడు, బాగా చెప్పడం కంటే బాగా చదివే పిల్లల్ని ఏరుకోవడం బడికి తేలిక. చిలీలో అదే జరిగింది. బడులే పిల్లల్ని ఎంచుకున్నాయి, పైగా తల్లిదండ్రుల దగ్గర ఫీజు కూడా తీసుకున్నాయి. 2006లోనూ 2011లోనూ విద్యార్థులు పెద్ద ఎత్తున వీధుల్లోకి వచ్చారు. చివరికి 2015లో చట్టం చేసి, ప్రభుత్వ సొమ్ము తీసుకునే బడుల్లో లాభం తీయడాన్నీ, ఏరివేతనూ, ఆ ఫీజునూ దశలవారీగా ఆపాలని నిర్ణయించారు. నా శనివారం ప్రసంగానికి ఇంతకంటే పెద్ద జవాబు నాకు దొరకలేదు.

ఈ చర్చలు ఎక్కడ విన్నా నాకు కొట్టొచ్చినట్టు కనిపించేది ఒకటే. వేదిక మీద ఆర్థికవేత్త ఉంటాడు, మంత్రి ఉంటాడు, సంస్థ యజమాని ఉంటాడు. సోమవారం పొద్దున మొదటి పీరియడు తీసుకునే మనిషి ఉండరు.

12 నుంచి 31కి వచ్చిన పిల్లవాడు ఊహ కాదని నాకు చాలా రోజులకు తెలిసింది. వాడు నా పక్క వరసలోనే కూర్చునేవాడు. వాడి కోసం మాస్టారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ మడిచి, నాలుగింట మూడు వంతులంటే ఎంతో చూపించడం నాకు గుర్తుంది. అప్పటికే వచ్చినవాళ్ళం విసుక్కున్నాం. ఆయన తొందరపడలేదు. మూడోసారికీ కాకపోతే, కాగితం వాడి చేతికే ఇచ్చి, "నువ్వే మాకు చెప్పు," అన్నారు.

మాస్టారూ, మీ ప్రశ్నకు ఇప్పుడు చెబుతున్నానండి. మా ఇద్దరి మార్కులకూ కాదు. మీకు నిలకడైన మంచి జీతం ఇస్తాను. ఆ కాగితం నాలుగోసారి మడవడానికి ఇంకో పీరియడు ఇస్తాను. అప్పుడు కొత్తగా చేరిన టీచరు ఒకరు వెనక బెంచీలో కూర్చుని మిమ్మల్ని చూసే వీలు కల్పిస్తాను.