ఏ గంట దేనికో ముందే తేల్చుకోండి: ఉద్యోగం చేస్తూ గ్రూప్-2 చదివిన అనుభవం

నేను కోనసీమలో ఒక గ్రామ సచివాలయంలో పనిచేస్తూ ఏపీపీఎస్సీ (ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్) పెట్టే ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష గ్రూప్-2కి చదివాను. మొదట జరిగే వడపోత పరీక్ష స్క్రీనింగ్ దాటి, అసలు పరీక్ష మెయిన్స్ రాశాను. ఇప్పుడు చదువుతున్నవాళ్ళు కలిస్తే ముందు అడిగేది "రోజుకి ఎన్ని గంటలు చదివేవారండీ?" అని. గంటల లెక్క వేసుకుంటే రాత్రికి చేతిలో ఒక అంకె మిగులుతుంది, అంతకుమించి ఏమీ తెలియదు. నేనైతే తిరిగి వాళ్ళని అడుగుతాను: రేపు పొద్దున్న మొదటి గంట దేనికి పెట్టుకున్నారు? చాలామంది దగ్గర జవాబు ఉండదు. మనం తేల్చుకోని టైమ్‌ని ఇంకెవరో తేల్చేస్తారు. ఫోనో, చుట్టాలో, ఆఫీసో, లేదంటే మనకి బాగా ఇష్టమైన సబ్జెక్టో.

ఈ చివరిదాని గురించే ముందు చెప్పాలి, ఎందుకంటే ఇందులో పోయిన టైమ్‌ని ఎవరూ పోయినట్టు అనుకోరు. మెయిన్స్‌లో రెండు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు. మొదటి పేపర్లో ఆంధ్రప్రదేశ్ సామాజిక, సాంస్కృతిక చరిత్రకి 75, రాజ్యాంగానికి 75. రెండో పేపర్లో ఎకానమీకి 75, సైన్స్ అండ్ టెక్నాలజీకి 75. మన గోదావరి జిల్లాలవాళ్ళకి చరిత్ర అంటే సహజంగానే ప్రాణం. వేంగీ చాళుక్యులు, రాజరాజ నరేంద్రుడు, 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట, 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు జరిపించిన మొదటి వితంతు వివాహం, 1907లో బిపిన్ చంద్రపాల్ వచ్చివెళ్ళాక అక్కడి విద్యార్థుల్లో రగిలిన వందేమాతరం ఉద్యమం... అన్నీ మనం పోతూ వస్తూ చూసే చోట్ల జరిగినవే. ఒంట్లో ఓపిక లేనప్పుడు చేయి ఆ పుస్తకం మీదికే పోతుంది. చదివిందే మళ్ళీ చదువుతాం. అంతా వచ్చేసినట్టుంటుంది, రోజు బాగా గడిచినట్టుంటుంది. అవతల సైన్స్ పుస్తకం మొదటి చాప్టర్ దగ్గరే ఆగి ఉంటుంది. మార్కులు మాత్రం రెండింటికీ సమానం.

మా నాన్నగారిది శివారు ఆయకట్టు, అంటే కాలువ చివర సాగయ్యే పొలం. గోదావరిలో నీళ్ళు తక్కువగా ఉన్న ఏడాది దాళ్వాకి, అంటే రెండో పంట వరికి, వంతులవారీగా నీళ్ళు వదులుతారు. వంతు పెట్టకపోతే ఎగువ చేలు తడిసి, కాలువ చివరికొచ్చేసరికి ఏమీ మిగలదు. వంతు వచ్చిన రోజు నాన్నగారు చేలోనే ఉంటారు, ఇంకో పని పెట్టుకోరు. నేను సబ్జెక్టులకి అదే పద్ధతి పెట్టాను. పొద్దున్న లేవగానే బుర్ర తేటగా ఉండే మొదటి గంటన్నర నాకు రాని సబ్జెక్టుకి, అంటే సైన్స్ అండ్ టెక్నాలజీకి. ఇస్రో ప్రయోగాలు, బయోటెక్నాలజీ, ఇంధన వనరులు, పర్యావరణ చట్టాలు అన్నీ ఆ వంతులోనే. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక ఎకానమీ, రాజ్యాంగం ఒకరోజు తప్పించి ఒకరోజు. చరిత్ర రాత్రి భోజనం తర్వాత. ఇష్టమైనదాన్ని అలసిపోయి కూడా చదవగలం కాబట్టి దానికి మంచి గంట ఇవ్వక్కర్లేదు.

ఉద్యోగం చేసేవాళ్ళకి ఇంకో మాట. మీ చేతిలో లేని రోజులేవో ముందే గుర్తుపెట్టుకోండి. 2024 జూలై నుంచి ఒకటో తారీఖున ఇంటింటికీ వెళ్ళి పింఛన్లు ఇచ్చే బాధ్యత సచివాలయ సిబ్బందిది. తెల్లారకముందే బయల్దేరాలి. ఆ రోజు నా టైమ్‌టేబుల్లో చదువు లేదు, అందుకని బాధా లేదు. వరద రోజులూ అంతే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నీళ్ళు అలా పెరుగుతుంటే గోదావరి పాయల మధ్య ఉండే లంక గ్రామాలకి వెళ్ళే కాజ్‌వేలు మునుగుతాయి, పడవలే దిక్కు. అలాంటప్పుడు బియ్యం అందని ముసలమ్మ కంటే నా పరీక్ష పెద్దది కాదు. డ్యూటీలో బ్యాగులో పుస్తకం పెట్టుకుని రెండు పనులూ చేద్దామనుకుంటే ఏదీ సరిగ్గా జరగదు. అందుకే జూలై, ఆగస్టుల్లో కొత్త సబ్జెక్టు మొదలుపెట్టలేదు. రాజ్యాంగం ఆర్టికల్స్ రివిజన్ లాంటివి, మధ్యలో ఆగినా మళ్ళీ అందుకోగలిగేవి పెట్టుకున్నాను.

ఇక తేదీల సంగతి. నోటిఫికేషన్ 2023 డిసెంబర్లో వచ్చింది, స్క్రీనింగ్ 2024 ఫిబ్రవరి 25న అయింది. మెయిన్స్ మొదట 2024 జూలై 28 అన్నారు, తర్వాత 2025 జనవరి 5 అన్నారు, చివరికి ఫిబ్రవరి 23న జరిగింది. ఇలాంటి కాలంలో టెలిగ్రామ్ గ్రూపుల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా ఒకటే చర్చ, మళ్ళీ వాయిదా పడుతుందా లేదా అని. ఆ చర్చలో ఉంటే చదువుతున్నట్టే అనిపిస్తుంది, అదే దాని ప్రమాదం. నేను ఆ గ్రూపులన్నీ వదిలేసి, ఆదివారం సాయంత్రం ఒక్కసారి కమిషన్ వెబ్‌సైట్ చూసుకునేదాన్ని. నిజంగా తేదీ మారితే ఎలాగూ ఆఫీసులో ఎవరో ఒకరు చెబుతారు! కరెంట్ అఫైర్స్‌కి ఒక పేపరు, ఒక మాసపత్రిక. ఫ్రీగా వచ్చే పీడీఎఫ్‌లు డౌన్‌లోడ్ చేయడం పూర్తిగా మానేశాను. దాచుకున్నవన్నీ చదవాల్సినవిగా కనిపించి టెన్షన్ పెంచుతాయి.

పండగలు మానేయమని మాత్రం నేను చెప్పను. మెయిన్స్ ముందు సంక్రాంతి వచ్చింది. మన దగ్గర ఆ మూడు రోజులూ పుస్తకం తీసినా తలకెక్కదు. భోగి, పండగ రోజు ఇంట్లోవాళ్ళతో ఉన్నాను. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళాను. పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే దేవుణ్ణి పెట్టి భుజాల మీద మోసే ఎత్తైన అలంకరణ చట్రాలు, చేలకి అడ్డంపడి వస్తుంటే చూడకుండా ఉండటం నాకు కుదరదు, కుదరాలనీ అనుకోలేదు. కోడిపందేల బరుల వైపు వెళ్ళలేదు, ముక్కనుమ నుంచి చుట్టాలిళ్ళకీ వెళ్ళలేదు. ఏది ఉంచుకోవాలో ముందే అనుకున్నాను కాబట్టి తీర్థంలో ఉన్నంతసేపూ పరీక్ష గుర్తురాలేదు.

మాఘమాసంలో మా పిన్ని కూతురి పెళ్ళి. ముహూర్తం తెలియగానే నేనే ఫోన్ చేసి, ముందు రోజూ తర్వాత వ్రతానికీ రాలేనని చెప్పాను.

"అదేంటే అమ్మాయ్, నలుగురూ అడగరూ?"

"పరీక్ష ఉందని చెప్పు పిన్నీ. ముహూర్తానికి వచ్చి, అప్పగింతలయ్యాకే వెళతాను."

కాసేపు నొచ్చుకుంది, తర్వాత సరేనంది. ఆఖరి నిమిషంలో వంక చెప్పి మానేస్తే ఆ నొప్పి ఏళ్ళ తరబడి ఉంటుంది. ముందే చెబితే మనవాళ్ళు అర్థం చేసుకుంటారు.

పరీక్ష హాల్లోనూ ఇదే అలవాటు పనికొస్తుంది. 150 ప్రశ్నలు, 150 నిమిషాలు, తప్పుకి మూడోవంతు మార్కు కోత. మొదటి రౌండ్లో తెలిసినవి, రెండో రౌండ్లో జవాబు రెండు ఆప్షన్లలో ఏదో ఒకటి అన్నదాకా తేలినవి, మిగతావి వదిలేయడం. మాక్ టెస్టుల్లోనే దీన్ని అలవాటు చేసుకోండి.

ఇంటి పని ఉన్న ఆడవాళ్ళకి ఇంకొకటి చెప్పాలి. ఒంటరిగా టైమ్‌టేబుల్ రాసుకుని గోడకి అంటించుకుంటే అది రెండో రోజే ఆగిపోతుంది. నాతో చదివిన ఒక అక్కకి ఇద్దరు చిన్నపిల్లలు. వాళ్ళాయనతో, అత్తగారితో కూర్చుని రాత్రి వంట ఎవరు చేయాలో, పిల్లల హోంవర్క్ ఎవరు చూడాలో మాట్లాడుకుంది. ఆ తర్వాతే రాత్రి ఎనిమిది నుంచి పది దాకా ఆవిడకి దొరికాయి. అడగడానికి మొహమాటపడకండి, ఈ ఆదివారమే మాట్లాడండి. పరీక్ష తేదీ ప్రకటించాక చూద్దాంలే అనుకుంటే, అప్పటికి ఇంట్లో అందరికీ టెన్షన్ వచ్చేసి ఆ మాట గొడవలో ముగుస్తుంది.