“ఏ ఊరు బాబూ మీది?” అని అడిగిన డ్రాగన్

నా మొదటి డ్రాగన్ మూడు రౌండ్లలో చచ్చిపోయింది. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో, అంటే నేను కథ నడిపిస్తుంటే మిగతావాళ్ళు తలా ఒక పాత్రగా పాచికలు వేస్తూ ఆడే ఆటలో. కొండగుహలో బంగారం కుప్ప మీద పడుకున్న యంగ్ రెడ్ డ్రాగన్ అది. 178 హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు), ఏసీ 18 (దెబ్బ తగలాలంటే పాచికతో అందుకోవాల్సిన అంకె), ఒక్కసారి నిప్పు ఊదితే సగటున 56 డ్యామేజీ. దానికోసం వారం రోజులు కూర్చుని గుహ మ్యాప్ గీశాను. మా వాళ్ళు ఐదుగురూ లోపలికొచ్చారు, అది లేచింది, ఒకసారి నిప్పు ఊదింది. మళ్ళీ ఊదాలంటే పాచిక మీద 5 గానీ 6 గానీ పడాలి. పడలేదు. దాని వంతు ఒకసారి వచ్చేలోపు వాళ్ళ వంతులు ఐదు నడిచిపోతున్నాయి. చచ్చాక అందరూ బంగారం లెక్క పెట్టుకున్నారు. కొన్ని నెలలు పోయాక ఏదో సందర్భంలో ఆ డ్రాగన్ మాట ఎత్తితే మా మరిది “ఏ డ్రాగన్ వదినా?” అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు పట్టి పీడించింది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఈ ఆట పేరులోనే డ్రాగన్ ఉంది కదా. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతూ డ్రాగన్‌ని మర్చిపోయారంటే తప్పు వాళ్ళది కాదు, నేను చూపించిన తీరుది.

మేం ఆడేది శనివారం రాత్రి ఎనిమిదింటికి, కూకట్‌పల్లిలో మా ఫ్లాట్‌లో, చాప మీద. మా ఆయన పాత్ర ఫైటర్, అంటే యోధుడు. పక్క ఫ్లాట్ అమ్మాయి క్లెరిక్, అంటే పూజారిణి. మా ఆఫీసులో పనిచేసే ఒకాయన అడవి జాడలు తెలిసిన రేంజర్, మా పిన్ని కొడుకు దొంగలాంటి రోగ్. మరిది న్యూజెర్సీ నుంచి వీడియోలో ఆడతాడు, విజార్డ్, అంటే మంత్రగాడు. మాకు రాత్రి ఎనిమిదైతే అతనికి పొద్దున పదిన్నర. ఇప్పటికీ 2014 ఐదో ఎడిషన్ రూల్సే వాడుతున్నాం.

రెండో డ్రాగన్‌కి ఈసారి స్థలం ముందు ఎంచుకున్నాను, డ్రాగన్‌ని తర్వాత. మా అమ్మమ్మ వాళ్ళది తాళ్ళరేవు దగ్గర. చిన్నప్పుడు కోరంగి మడ అడవుల్లోకి పడవ మీద వెళ్ళాం. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు, పోటు వచ్చినప్పుడు అవన్నీ మునిగిపోయి ఇందాక దారి అనుకున్నది దారి కాకుండా పోవడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంటాయి. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు ఆ కోరంగి. 1789లో ఒకసారి, 1839లో మరోసారి తుఫాను ఉప్పెనలు దాన్ని తుడిచిపెట్టేశాయి. బ్లాక్ డ్రాగన్ గురించి రూల్స్ పుస్తకంలో రాసింది చదువుతుంటే నాకు ఆ రేవే గుర్తొచ్చింది. చిత్తడి నేలల్లో, కూలిపోయిన కోటల శిథిలాల్లో ఉంటుందట. రాజ్యాలు కూలడం చూసి ఆనందిస్తుందట. అంతే, మునిగిపోయిన ఒక రేవు పట్నాన్ని కట్టి, దాన్ని అందులో పెట్టాను. అడల్ట్ బ్లాక్ డ్రాగన్. 195 హెచ్‌పీ, ఏసీ 19.

దాని ఊపిరి ఆకారం గురించే ఎక్కువసేపు ఆలోచించాను. చాలామంది డీఎంలు (నాలా ఆట నడిపించేవాళ్ళు) డ్యామేజీ అంకె చూసుకుని ఆకారాన్ని వదిలేస్తారని నా నమ్మకం. రెడ్ డ్రాగన్ నిప్పు విసనకర్రలా విచ్చుకుంటుంది కాబట్టి దానికి విశాలమైన చోటు కావాలి. బ్లాక్ డ్రాగన్ యాసిడ్ అలా కాదు. 60 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, తిన్నగా గీసిన గీత. మైదానంలో విడివిడిగా నిలబడ్డవాళ్ళలో ఒకళ్ళకో ఇద్దరికో తగులుతుంది. అదే నాటుపడవలో ఒకరి వెనక ఒకరు కూర్చున్న ఐదుగురి మీద పడితే? సగటు డ్యామేజీ 54. మా విజార్డ్ హెచ్‌పీ 47.

ఇది వాళ్ళకి చెప్పకుండా పడవెక్కించి కొట్టేస్తే అన్యాయం. చెప్పేస్తే ఆట లేదు. అందుకని మొదటి సెషన్‌లో ఒడ్డున ఒక పాత పడవ పెట్టాను, అంతే. బోర్లించి ఉంది. తిరగేసి చూస్తే ముక్కు దగ్గర్నుంచి వెనకదాకా మధ్యలో జానెడు మేర చెక్క లేదు, నిలువునా కరిగిపోయింది. రెండు పక్కలా చెక్కకి చిన్న గీత కూడా పడలేదు. ఒక మంచినీళ్ళ బావి పెట్టాను, ఆ నీళ్ళు తాగితే వాంతులు. ఉదయం పదైనా వీడని పొగమంచు పెట్టాను. ఈ రెండూ రూల్స్‌లో ఉన్నవే, బ్లాక్ డ్రాగన్ గూడు చుట్టుపక్కల నీళ్ళు పాడవుతాయి, ఆరు మైళ్ళ దాకా మంచు కమ్ముతుంది. డ్రాగన్ మాత్రం ఆ రాత్రి కనబడలేదు. మా రేంజర్ ఇంటికెళ్ళిపోయాక పదకొండున్నరకి గ్రూపులో రాశాడు: “ఆ పడవ మధ్యలో కూర్చున్నవాళ్ళందరూ ఒకేసారి పోయారండీ. మనం రెండు పడవల్లో వెళ్దాం, పక్కపక్కన.” ఆ మెసేజీ చదివి నాకు నిద్ర పట్టలేదు, అంత సంతోషం.

రెండో సెషన్‌లో డ్రాగన్ మాట్లాడింది. ఆ మాట ఎలా ఉండాలో తేల్చుకోవడానికి నెల పట్టింది. ముందు గ్రాంథికంలో రాసుకున్నాను, చదివి చూసుకుంటే నాటకం స్టేజీ మీద రాక్షసుడిలా ఉంది. గర్జనలు పెట్టి చూశాను, అవీ నచ్చలేదు. దాని తెలివి 14, మా పార్టీలో సగం మందికన్నా ఎక్కువ. వందల ఏళ్ళుగా ఆ నీళ్ళకి పెద్దదిక్కు అది. అలాంటిది అరవదు, పలకరిస్తుంది. మా అమ్మమ్మ ఊరి బస్సులో పక్క సీటు పెద్దాయన మాట్లాడినట్టు మాట్లాడించాను.

చుట్టుపక్కల ఊళ్ళు దానికి వంతుల ప్రకారం పడవ పంపుతాయి, బకాసురుడికి బండెడు అన్నం పంపినట్టు. ఆ వంతు పడవ వెంట మా వాళ్ళు వెళ్ళారు. నీళ్ళలోంచి తల ఒక్కటే లేచింది. ముందుకి వంగిన కొమ్ములు, పుర్రెకి తోలు అంటించినట్టుండే ముఖం. గొంతు తగ్గించి నెమ్మదిగా అన్నాను: “ఏ ఊరు బాబూ మీది? ఎవరి తాలూకా?”

మనలో ఈ ప్రశ్న వినని మనిషి లేడు. దానికి జవాబు నోట్లోంచి తనంతట తనే వచ్చేస్తుంది. మా క్లెరిక్ అమ్మాయి తన పాత్ర ఊరి పేరు, అక్కడి గుడి, అమ్మ చేసే పని అన్నీ చెప్పేసింది. రోగ్ అబద్ధం చెప్పాడు. మా ఆయన నోరు విప్పలేదు. డ్రాగన్ విన్నదంతా మెల్లగా తిరిగి చెప్పి, ఆ ఊరికి నది దారి ఉందా అని అడిగి, మునిగిపోయింది. ఒక్క పాచిక కూడా వెయ్యలేదు. నలభై నిమిషాలు ఎవరూ ఫోన్ ముట్టుకోలేదు.

పోరాటం మూడో సెషన్. రూల్స్ వరకు చెప్పాలంటే అడల్ట్ అయ్యేసరికి లెజెండరీ యాక్షన్లు వస్తాయి కాబట్టి నా మొదటి డ్రాగన్ కష్టాలు దీనికి లేవు. వేరేవాళ్ళ వంతు అయిన వెంటనే తోకతో కొడుతుంది, లేదా రెక్కలు విదిలించి దగ్గరున్నవాళ్ళని పడేసి ఎగిరిపోతుంది. నేను సొంతంగా చేర్చింది పోటు. మ్యాప్ మీద ఒక నీలం పాలిథిన్ కవరు పరిచి, ప్రతి రౌండులో ఇనిషియేటివ్ (వంతుల వరస) 20 దగ్గర దాన్ని ఒక గడి ముందుకి జరిపాను. ఆరో రౌండుకి నిలబడటానికి మూడే రాళ్ళు మిగిలాయి. డ్రాగన్ ఈదుతుంది, వీళ్ళు ఈదలేరు.

ఇంకో మార్పు, మళ్ళీ ఊదగలదో లేదో తేల్చే రీచార్జ్ పాచికని దాని వంతు మొదట్లో కాకుండా చివర్లో వేశాను, అందరికీ కనబడేలా. పడితే దాని గొంతు ఉబ్బుతుంది. వాళ్ళకి చెదిరిపోవడానికి ఒక రౌండు దొరుకుతుంది. ఆ రౌండులో వాళ్ళు పెట్టిన కేకలకి పక్క ఫ్లాట్ ఆంటీ తలుపు కొట్టారు.

లెజెండరీ రెసిస్టెన్స్ అంటే ఆటగాళ్ళకి చిరాకు. మంచి మంత్రం వేస్తే డీఎం “అది తప్పించుకుంది” అంటాడు. రోజుకి మూడుసార్లు అలా తప్పించుకోగలదు. దాన్ని నేను దాచలేదు. వాడిన ప్రతిసారీ ముఖం మీద తోలు ఒక పొర కరిగి కింద ఎముక బయటపడింది. రెండోసారికే మా మరిదికి అర్థమైంది. చిన్న మంత్రంతో మూడోదాన్ని ఖర్చు పెట్టించి, అసలుదాన్ని ఆ తర్వాత వేశాడు.

డ్రాగన్‌ని చూసి పాత్రలు భయపడే విషయంలో మాత్రం రూల్ ఒక్కటే సరిపోదని నా అభిప్రాయం. సేవ్ (భయాన్ని తట్టుకోవడానికి వేసే పాచిక) తప్పిన మనిషికి “నువ్వు భయపడ్డావు” అని చెప్తే ఏమీ కాదు. నేను అడుగుతాను: ఈ క్షణంలో నీ పాత్రకి ఏం గుర్తొచ్చింది? మా ఆయన కాసేపు ఆగి, “ఈత నేర్పడానికి మా నాన్న నన్ను బావిలోకి తోసిన రోజు” అన్నాడు. పెళ్ళై పదకొండేళ్ళు, ఆ సంగతి నాకు తెలీదు. పాత్రదో తనదో నేను అడగలేదు.

195 హెచ్‌పీ 80కి దిగితే పారిపోతుందని ముందే కాగితం మీద రాసుకున్నాను. అన్ని వందల ఏళ్ళు బతికినది ఒక్క ఓటమికి అక్కడే నిలబడి చచ్చిపోదు. రోగ్ కత్తి దిగేసరికి 71 మిగిలింది. రెక్కలు విదిలించింది, లేచింది, మంచులోకి వెళ్ళిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. మరిది ల్యాప్‌టాప్‌లోంచే అరుస్తున్నాడు.

క్లెరిక్ అమ్మాయి ఒక్కతే మ్యాప్ వైపు చూస్తోంది.

“అక్కా, ఏ దిక్కుకి ఎగిరింది?”

“ఉత్తరానికి. నది వెంట.”

చేతిలో పాచికలు కింద పెట్టేసింది. మిగతావాళ్ళకి అర్థం కావడానికి ఇంకో నిమిషం పట్టింది.

బుధవారం లిఫ్ట్‌లో కనబడింది. కాలేజీ బ్యాగు భుజాన వేసుకుని, ఇంకే మాటా లేకుండా, “మా అమ్మ బతికే ఉంటుందా అక్కా?” అంది. లిఫ్ట్‌లో ఉన్న వాచ్‌మన్ కంగారుగా మా ఇద్దరినీ చూశాడు. శనివారం దాకా ఆగమన్నాను. ఆ ఊరి మ్యాప్ ఇంకా సగమే అయింది. గుడి ఎక్కడుందో, నది రేవుకి ఎన్ని మెట్లో, వాళ్ళమ్మ ఇల్లు రేవుకి ఎంత దూరమో ఈ రాత్రికి తేల్చాలి.